పొలం అమ్మిన మర్నాడు

2023 ఎండాకాలం. పట్నం శివార్లలోని అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ పై అంతస్తు కిరాయికి తీసుకుని ఆరుగురం వీడియో గేమ్ తయారుచేస్తున్నాం. నా పని నరేటివ్ డిజైన్, అంటే ఆటలో కథ ఎక్కడ, ఎలా నడవాలో నిర్ణయించడం. మా ఆటలో ఒక రైతు కుటుంబం తమకున్న రెండెకరాలూ అమ్ముకుంటుంది. ఆటకు డబ్బు పెట్టే పబ్లిషర్‌కు పంపబోయే డెమోలో ప్రాణమంతా ఆ ఘట్టమే. అది నిలవకపోతే మా రెండేళ్ల పనీ మూతపడినట్టే.

ఆ ఘట్టాన్ని నేనే నాలుగు నిమిషాల కట్‌సీన్‌గా రాశాను. కట్‌సీన్ నడిచినంతసేపూ ఆడేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు, సినిమాలా చూస్తూ కూర్చోవడమే. తండ్రి సంతకం పెడతాడు, తల్లి గుప్పెడు మట్టి కొంగున కట్టుకుని పొలంతో మాట్లాడుతుంది, వెనక వయొలిన్. రాస్తుంటే నాకే కన్నీళ్లు వచ్చాయి. నాది పొలాల నడుమ ఉన్న చేవెళ్ల కదా, భూమి గురించి నాకు ఒకరు చెప్పాలా అని ధీమా. నిజానికి మా నాన్న టీచరు. మాకు గుంట భూమి కూడా లేదు.

ఆట గురించి ఏమీ తెలియని మనిషి చేతికి దాన్నిచ్చి, పక్కన నోరు మూసుకుని కూర్చుని చూడటాన్ని ప్లేటెస్ట్ అంటారు. మాకు వంట చేసే అంజమ్మను అడిగాను. అరవైకి దగ్గర పడిన మనిషి, రోజూ దగ్గర్లోని ప్రొద్దుటూరు అనే పల్లె నుంచి ఆటోలో వచ్చేది. వాళ్లు ఏడేళ్ల కింద పొలం అమ్ముకున్నారని తెలుసు. అంతకుమించి ఎప్పుడూ అడగలేదు.

"నాకేమొస్తది బిడ్డా, సెల్లు గూడ సక్కగ వట్టరాదు" అంది.

"తప్పులు దొరకనీకే పిలుస్తున్న అవ్వా. నీ తప్పులు గాదు, మావి."

ఆటలో రోజూ తెల్లారగానే పొలానికి నడిచివెళ్లి, ఒక్కో మడికి నీళ్లు కట్టాలి. మొదట అరగంట కంట్రోలర్ మీటలు తడుముకుంది. ఆ తర్వాత "గీ మడి నిండింది, ఇగ అటు మలుపాలె" అని తనలో తనే అనుకుంటూ ఆడింది. ఆటలో ఇరవై రోజులు అలా గడిచాయి. కట్‌సీన్ మొదలైంది. నేను స్క్రీన్ వదిలేసి ఆమె మొహమే చూస్తున్నాను. అంజమ్మ ఆవలించింది.

"గీమె గింత మాట్లాడుతదేంది?" అంది. నాకు మనసు చివుక్కుమంది.

ఆటలో మర్నాడు తెల్లారింది. ఇక పొలం లేదు, కూలిపనికి బస్సెక్కాలి. అంజమ్మ మాత్రం తెర మీది మనిషి బొమ్మను పొలం వైపే నడిపించింది. ఆ దారిలో మేం ఇన్విజిబుల్ వాల్ పెట్టాం. అది కంటికి కనబడని అడ్డుగోడ, బొమ్మ కాళ్లాడిస్తుంది గానీ ముందుకు పోదు. ఆమె మీట నొక్కుతూనే ఉంది.

"పొలం కాడికి పోనిస్తలేదేంది?"

"అమ్మేసిండ్రు గదా అవ్వా."

"అమ్మితే? అమ్మినట్టు కాళ్లకెరుకనా?"

మీట నొక్కడం ఆపి చెప్పింది. "మేం అమ్మినంక నెల దినాలు పొద్దుగాల లేసి గాడికే పోయిన. గేటు వెట్టిండ్రు. గేటు కాడ నిలవడి సూస్తుంటి. ఒకనాడు కావలాయన మళ్ల రాకని ఎల్లగొట్టిండు. ఇగ పోలే."

కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ అన్నం పెట్టిన మనిషిని ఒక్కమాట అడగకుండా, ఆమె దుఃఖాన్ని నేను సొంతంగా రాసేసుకున్నాను. చాలా సిగ్గేసింది.

ఇది ఆటలో పెట్టవచ్చా అని అడిగితే సరేనంది. మావాళ్లలో ఒకతను, వరుసగా పది రోజులు వస్తే గేటు తెరుచుకునేట్టు చేద్దామన్నాడు, ఆడేవాళ్లకు బహుమానంగా ఉంటుందని. "తెరువకుండ్రి. మాకు తెరువలే" అంది అంజమ్మ.

కట్‌సీన్ మొత్తం తీసేశాను. సంతకం ఒక్కటే మిగిలింది. అడ్డుగోడ తీసి గేటు దాకా దారి వదిలాం. కాపలాదారును పెట్టడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. గేటు దగ్గర ఎంతసేపు నిలబడాలో ఆడేవాళ్ల ఇష్టం. నీళ్లు కట్టే మీట అక్కడా నొక్కవచ్చు, నొక్కితే ఏమీ జరగదు. పబ్లిషర్ డెమో చూసి ఒప్పుకున్నాడు, ఆట బతికింది.

ఆటలో కథంటే మంచి మాటలు రాయడమని అప్పటిదాకా నమ్మాను. ముందు ఆడేవాళ్ల చేతులకు ఒక పని అలవాటు చేయాలి, ఆ పని లేకుండా పోయినప్పుడు ఏం చేయాలో వాళ్లకే వదిలేయాలి. ఇది నాకు నేర్పింది అంజమ్మ.

డెమో పంపేముందు ఆమె ఇంకోసారి ఆడింది. గేటు దాకా వెళ్లి నీళ్లు కట్టే మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. బొమ్మను చాలాసేపు అక్కడే నిలబెట్టింది. తర్వాత మెల్లగా దాన్ని వెనక్కి తిప్పి, బస్సు దాకా నడిపించుకొచ్చి, కంట్రోలర్ నా చేతికిచ్చింది.

"ఆనాడు నన్ను ఎల్లగొట్టిండ్రు బిడ్డా. ఇయ్యాల నేనే మర్లొచ్చిన."