రక్తం ఎక్కుతుండగా నోరు మూసుకున్నాను

ఆ రోజు కూరగాయల బండి దగ్గర బేరమాడుతూ మధ్యలోనే ఆగిపోయాను. అనాల్సిన మాట నోటిదాకా వచ్చింది గానీ ఊపిరి అందలేదు. బండాయన భయపడి నేనడిగిన ధరకే ఇచ్చేశాడు. ఒంట్లో ఏదో తేడా ఉందని అప్పుడు తెలిసింది.

నెలనెలా రక్తం ఎక్కువగా పోతుంటే వయసు మీదికి నెట్టి సరిపెట్టుకుంటూ వచ్చాను. స్కానింగ్‌లో గర్భసంచికి ఫైబ్రాయిడ్ గడ్డలున్నాయని తేలింది, ఆపరేషన్ చేయాలన్నారు. హిమోగ్లోబిన్ ఐదు. మాత్రలతో పెంచుకుంటానని వాదించాను. డాక్టరమ్మ నాకంటే గట్టిది. "ఇంత తక్కువ మీద ఆపరేషన్ చేయను. ముందు రక్తం ఎక్కించాలి," అంది.

ఎక్కించే రక్తం బ్యాగుకు బదులు మా తరఫున ఒకరు రక్తం ఇవ్వాలన్నారు. మా ఆయన ఇన్సులిన్ మీద ఉన్నారు, పనికిరారన్నారు. కబురు విని మరిది శ్రీను వచ్చాడు. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. ఇంటి పంపకాలప్పుడు నేనన్న మాటలకు మా గడప తొక్కడం మానేసినవాడు, మగ్గం మీంచి లేచొచ్చి రక్తమిచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"ఫికర్ చేయకు వదినా. ఇగ నీకు నా రక్తం ఎక్కుతాంది. కొట్లాడుదామన్నా నీతోని కాదు," అన్నాడు. ఎన్నాళ్లకో ఇద్దరం నవ్వాం.

కాసేపటికి అరచేతులు దురద పెట్టాయి. తర్వాత మెడ, పొట్ట. ఏమైనా ఇబ్బందిగా ఉందా అని సిస్టర్ అడిగితే లేదన్నాను. అతని రక్తం నాకు పడట్లేదని అతని ముందే ఎట్లా చెప్పను? రక్తమిచ్చినా వంక పెట్టిందంటారు. దుప్పటి కింద గోక్కుంటూ పడుకున్నాను.

పెదవులు మందమయ్యాయి. గొంతు బిగుసుకుంది. ఇక చెబుదామనుకునేసరికి మాట రాలేదు. నా మొహం చూసి శ్రీనే సిస్టర్ కోసం ఉరికాడు.

"బ్యాగ్ ఆపండి. సలైన్ పెట్టండి. అడ్రినలిన్," అని డ్యూటీ డాక్టర్ గొంతు. తొడకు సూది, ముక్కుకు ఆక్సిజన్. ఊపిరి లోపలికి పోతే చాలు, నాకింకేమీ వద్దనిపించింది.

తేరుకున్నాక డాక్టర్ మందలించాడు. "ఇది అలర్జిక్ రియాక్షన్. రక్తం కలుస్తుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ సరిగ్గా ఉన్నా కొందరికి వస్తుంది. దురద మొదలవగానే చెప్పాల్సింది."

శ్రీను తల వంచుకుని, "నా రక్తమే పడలేదా సార్?" అని అడిగాడు.

"మీది ఇంకా టెస్టుల్లోనే ఉంది. ఆమెకు ఎక్కింది వేరేవాళ్లది."

ఎవరిదో తెలియని రక్తానికి మొహమాటపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నానన్నమాట.

ఆపరేషన్ వాయిదా పడింది. మళ్లీ ఎక్కించినప్పుడు వాష్డ్ సెల్స్ ఇచ్చారు, అంటే సలైన్‌తో కడిగిన ఎర్ర కణాలు. అది అయ్యేదాకా సిస్టర్‌ను పక్క నుంచి కదలనివ్వలేదు. ఏమీ కాలేదు. ఆపరేషనూ అయింది. ఇప్పుడు మెట్లెక్కినా ఆయాసం లేదు. శ్రీను ఇంటికి వస్తున్నాడు, పంపకాల మీద మళ్లీ వాదించుకుంటున్నాం కూడా.

రక్తం ఎక్కుతున్నప్పుడు దురద, చలి, నడుంనొప్పి, ఆయాసం, ఏది మొదలైనా ఆ క్షణమే చెప్పండి. ఎవరిచ్చారు, ఎవరేమనుకుంటారు అని చూడకండి. సిస్టర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ముందు బ్యాగు ఆగాలి.