మూడో వరుసలోని మనిషి

కొలతకు లొంగనిది లోకంలో ఏదీ లేదని నేను గట్టిగా నమ్మిన కాలం అది. ఈ అరబ్బు దేశంలో మంగఫ్‌లోని కంపెనీ క్వార్టర్స్‌కు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా వచ్చి ఏడాది నిండలేదు; మూకీ చిత్రాల పిచ్చి మాత్రం నిండుగా ఉండేది. (దాన్ని నేను పరిశోధన అనేవాణ్ణి.) కడప జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఇక్కడ మేడలు కట్టిన మా పెద్దమేస్త్రి కొలువు ఖలాస్ చేసుకుని శాశ్వతంగా ఇంటికి బయలుదేరే శుక్రవారం, మధ్యాహ్న భోజనాల తర్వాత మెస్ గోడ మీద సినిమా వేసే బాధ్యత నాకు అప్పగించారు. "కోటలు కట్టేది వెయ్ నాయనా, పనితనం సూస్తాం" అన్నాడాయన. నేను ఒక చారిత్రక మహాచిత్రాన్ని ఎంచుకుని, నటుల పేర్లతో సహా పద్నాలుగు పేజీల వ్యాఖ్యానం రాసుకున్నాను.

బొమ్మ మొదలైంది. కూలీలు బండలు మోస్తూ పరుగులు తీస్తున్నారు. "ఏందబ్బా ఆ ఉరుకు? అట్ల మోస్తే నడుములు నిలుస్తాయా?" అని మేస్త్రి కసిరాడు. సెకనుకు పదహారు చొప్పున తీసిన చిత్రాలను ఇరవై నాలుగు చొప్పున చూపడమే ఈ దోషానికి మూలమని సవినయంగా వివరించి, వేగాన్ని సవరించాను. ఎనభై నిమిషాల సినిమా నూట ఇరవై నిమిషాలైంది. మొదలుపెట్టింది రెండున్నరకు, విమానాశ్రయానికి బస్సు నాలుగింటికి. ఆ తీసివేత మాత్రం చేయడం మరిచాను.

రాజుగారి ప్రవేశాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "తాడు భుజానికేసుకోరా!" అని చూస్తున్నవాళ్లంతా గోడ మీది కూలీలకు సలహాలిస్తున్నారు. ఇంతలో మేస్త్రి లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. "నాయనా, వీని మొగం నల్లగా ఉండాది, మోచెయ్యి తెల్లగా ఉండాదే?" ఆ రోజుల్లో బానిసల వేషాలు తెల్లవాళ్లకే రంగు పూసి వేయించేవారనీ, అసలైన నల్లవారు ఉంటే గింటే వెనక వరుసల్లో ఉండేవారనీ చెప్పాను.

"రాళ్లు మోసేదానికి గూడా మనోళ్లకు వీసా ఇయ్యలేదా!" అన్నాడు మేస్త్రి.

మెస్ అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "షర్క్ పేటలో నేను కట్టిన మేడలు ఎన్ని ఫోటోల్లో ఉండాయో. ఒక్కదాంట్లోనూ నేను ల్యా. వీండ్లలోనన్నా ఒకడుంటాడేమో, ఎతుకు నాయనా."

వ్యాఖ్యానం పక్కన పెట్టి వెతికాను. నాలుగు కావస్తుండగా, మూడో వరుసలో ఒక మనిషి తల తిప్పి సూటిగా మా వైపు చూశాడు. (దర్శకుడి దృష్టిలో అది తప్పే అయి ఉంటుంది.) మోచేతి దాకా నిజమైన నలుపు. బొమ్మను ఆపాను. మేస్త్రి ఆ ముఖం పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"పేరేంది ఈయనది?"

పద్నాలుగు పేజీలూ తిరగేశాను. బయట డ్రైవర్ హారన్ మోగిస్తూ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు.

"ఉండప్పా, మనిషి దొరికినాడు," అన్నాడు మేస్త్రి. నేను తల దించుకుని తెలియదన్నాను.

"అయితే కనుక్కో నాయనా," అని పెట్టె తీసుకుని బస్సెక్కాడు.

ఇంతవరకూ కనుక్కోలేకపోయాను. కనుక్కున్నా ఎవరికి చెప్పాలి? మేస్త్రి ఊరి పేరైనా అడిగి రాసుకోవాలని ఆ రోజు నాకు తోచలేదు. ఇప్పటికీ ఇక్కడే సల్వాలోని మా ఇంట్లో శుక్రవారాలు పాత చిత్రాలు పెట్టుకుని, వెనక వరుసలు వచ్చినప్పుడల్లా ఆపి, తెర దగ్గరికి జరిగి చూస్తుంటాను. మా ఆవిడ టీ గ్లాసు చేతికిస్తూ అంటుంది: "రాజుగారు పోయి పావుగంటైందండీ. మీరింకా ఎవరి కోసం కూర్చున్నారు?"