ఆకుపచ్చ పిడి కత్తి

పోయిన ఆదివారం మా మనవరాలి ఆఫీసు స్నేహితులు నలుగురు మడికొండలో మా ఇంటికి భోజనానికొచ్చి, చేతులు కడుక్కోకముందే కొట్లాట మొదలుపెట్టారు. ఏదో లావుపాటి నవలను సినిమాగా తీస్తున్నారట. అందులో మంత్రాల రాజ్యం, ఇద్దరు వీరులు, ఒక కత్తియుద్ధం. సినిమా రావడానికి ఇంకా ఏడాది ఉంది. చేతిలో ఉన్నది నిమిషం ట్రైలర్. దాన్నే ఫోన్లో ఆపి ఆపి, వేళ్లతో సాగదీసి, "సూడు, ఎడమ చెయ్యి కనిపిస్తలేదు, తెగినట్టే" అని ఒకడు, "అది నీడ రా సామీ" అని ఇంకొకడు. అక్కడ పప్పు చల్లారిపోతోంది. నేను గొంతు సవరించుకుని, "కత్తియుద్ధాల సంగతి నన్నడగండి. మద్రాసు స్టూడియోలో నా కళ్ల ముందే కత్తి విరిగి, ముక్క ఇగో ఈ బుగ్గను గీసుకుంటూ పోయింది" అని మచ్చ చూపించాను. పిల్లలు ఫోను దించారు. మనవరాలు మాత్రం పప్పుగిన్నె నా ముందుకు తోసి, "తాతా, మొన్న గా మచ్చ తేనెటీగ కుట్టిందన్నవ్ గదా?" అంది.

నేను మద్రాసు ఎన్నడూ చూడలేదు. మచ్చ తేనెటీగదే. కానీ కత్తి నిజం. కత్తి చేసిన మా మేనమామ అంతకంటే నిజం.

డెబ్బైలు ముగుస్తున్న రోజులు. నేను హనుమకొండ సుబేదారిలో ఒక సర్కారీ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. ఆఫీసంతా నా మీదే నడిచేదని మా ఆవిడకు పెళ్లిచూపుల్లో చెప్పాను గానీ, నిజానికి నా మీద నడిచింది టపా పుస్తకం ఒక్కటే. మా ఆఫీసుకు ఒక వారపత్రిక వచ్చేది, అందులో ఒక జానపద నవల సీరియల్‌గా వచ్చేది. పత్రిక ఒక్కటే, చదివేవాళ్లం పదకొండు మందిమి. కాబట్టి అది సర్వీసు సీనియారిటీ ప్రకారం చేతులు మారేది. హెడ్ క్లర్కు సారు సోమవారం చదివితే, నా దగ్గరికి శుక్రవారం నాటికి మిర్చి బజ్జీల నూనెతో, పదిమంది అభిప్రాయాలతో సహా వచ్చేది. కథ చదవకముందే కథ ఏమైందో నాకు తెలిసిపోయేది. ఒక్కసారి మాత్రం ఎవరికీ తెలియలేదు. అన్నదమ్ములైన ఇద్దరు రాకుమారులు, అన్నదమ్ములమని తెలియకుండా, లోయ మీది వంతెనపై కత్తులు దూశారు. పెద్దవాడి కత్తికి ఆకుపచ్చ రాళ్ల పిడి, చిన్నవాడి కత్తికి ఎర్రరాళ్ల పిడి. పొగమంచు కమ్మింది. మంచులోంచి ఒక కత్తి విరిగిన చప్పుడు వినబడింది. అంతే. తర్వాతి వారం కథ పన్నెండేళ్లు ముందుకు దూకింది. ఎవరి కత్తి విరిగిందో రచయిత చివరిదాకా చెప్పలేదు.

ఆ నవలను సినిమాగా తీస్తున్నారని తెలిసిన రోజు మా ఆఫీసులో ఫైలు కదిలితే ఒట్టు. నవలలో మంచు కమ్మొచ్చు, వెండితెర మీద ఏదో ఒక కత్తి విరగక తప్పదు కదా! హెడ్ క్లర్కు సారు పెద్దవాడి పక్షం. ఆయన ఐదుగురు తమ్ముళ్లను చదివించి, పెళ్లిళ్లు చేసి, తన చెప్పులు తెగితే మాత్రం సూది దారంతో తనే కుట్టుకున్న మనిషి. "పెద్దోడే ఓడితే ఇగ పెద్దోడుగ పుట్టుడు దేనికయ్యా?" అనేవాడు. ఇంక్రిమెంటు కూడా లేని మేమంతా సహజంగానే చిన్నవాడి పక్షం. హనుమకొండ చౌరస్తాలో గోడకు పోస్టరు పడితే, టైపిస్టు ఒకాయన దారం తీసుకెళ్లి రెండు కత్తుల పొడవూ కొలిచి వచ్చాడు. ఆకుపచ్చది నాలుగు వేళ్లు పొట్టి. "అంటే అదే ఇరుగుతది" అన్నాడు. "గోడ వంకరుంది" అన్నాడు హెడ్ క్లర్కు సారు.

ఇక మా మామ. హనుమకొండలో ఆయనకు వడ్రంగి దుకాణం ఉండేది. నలభైమంది పనివాళ్లు. సరే, ఇద్దరు. అందులో ఒకరు మామ. తలుపులు, మంచాలు చేస్తూనే నాటకాల వాళ్లకు గదలు, కిరీటాలు, తేలికైన పొణికి కర్రతో కత్తులు చేసిచ్చేవాడు. వాటి మీద వెండి కాగితం అంటిస్తే రెండడుగుల దూరంలో ఉక్కని ఒట్టేయొచ్చు. ఆ పనితనం గురించి ఎవరో చెబితే ఈ సినిమా వాళ్లే ఆయన్ని మద్రాసు పిలిపించారు. నలభై రోజులుండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి కత్తుల మాటెత్తితే నోరు మెదపడు. అక్కడి కళాదర్శకుడు ఆయన చేత ఉలి మీద చెయ్యి పెట్టించి, కత్తుల గురించి ఒక్క ముక్క బయట మాట్లాడనని మాట తీసుకున్నాడట. మాట నిలబెట్టుకుంటే ఇంకో సినిమాకు పిలుస్తామన్నారట. పిలుపు సంగతి ఎలా ఉన్నా, దసరాకు బొట్టుపెట్టి మొక్కే ఉలి మీద ఒట్టేశాక మామ నోరు తెరవడం జరగదు. సాయంత్రాలు దుకాణం ముందు జనం మూగి అడిగేవారు. మామ చిరునవ్వుతో చిత్రిక పడుతూ ఉండేవాడు.

నేనా, ఊరుకునే రకం కాదు. "మా మామ నాకు చెప్పని ముచ్చట లేదు" అని ఆఫీసులో ఎప్పుడో కోతలు కోసేసి ఉన్నాను. రోజూ పదకొండు గంటల చాయ్ దగ్గర పదిమందీ నన్ను పీక్కుతింటున్నారు. ఒక ఆదివారం మామ లేనప్పుడు దుకాణం వెనకే ఉన్న వాళ్లింటికి వెళ్లాను. అత్త చాటలో బియ్యం చెరుగుతూ, "నాకే చెప్పలేదు మీ మామ, నీకు చెప్తడనుకున్నవా? పో, ఇంటికి పో" అంది. ఆమె నీళ్లకు లేవగానే అటకెక్కాను. గోనెసంచిలో చుట్టిన కత్తి దొరికింది. ఆకుపచ్చ పిడి! మధ్యలో వేలితో తడిమితే సన్నని గీత. రెండు ముక్కలు, లోపల వెదురు చీల. గట్టిగా తగిలితే అక్కడ విరిగేలా చేసిన కత్తి. నా గుండె చప్పుడుకు అటక మీది పావురాలు లేచిపోయాయి. సరే, పావురాలు లేవు. గుండె చప్పుడు నిజం.

మర్నాడు చాయ్ దగ్గర చెప్పేశాను. "ఆకుపచ్చది ఇరుగుతది. మా మామ చెప్పిండు." మొదటి మాట నేను చూసింది. రెండో మాట, అది నలుగురూ నమ్మాలని కలిపింది. చిన్నవాడి పక్షం వాళ్లు చప్పట్లు కొట్టారు. హెడ్ క్లర్కు సారు సగం చాయ్ వదిలేసి లేచిపోయాడు. ఆ సాయంత్రమే మామ దుకాణానికి వెళ్లి, "ఏమయ్యా, ఒట్టేసిన అన్నవు. మరి నీ అల్లునికెట్ల చెప్పినవు? మాట మీద నిలవడనోనివి నిలవడతనని ఎందుకన్నవు?" అని అందరి ముందూ అడిగాడట. మామ తల దించుకుని రంపానికి పదును పెడుతూ కూర్చున్నాడట. అత్త నాకు కబురు పంపి మరీ చెప్పింది.

వెళ్లాను. మామ నా వైపు చూడలేదు. చిత్రిక కింద నుంచి చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. చిత్రిక ఆపకుండానే అన్నాడు: "నిన్ను అబద్ధాలోడంటే నౌకరీకాడ నీ ఇజ్జత్ పోతది. అనకుంటే నా మాట పోతది. జర నువ్వే చెప్పు అల్లుడా, ఏది పోనియ్యాలె?"

మర్నాడు అదే చాయ్ దగ్గర నిలబడ్డాను. సాసరు బల్ల మీద పెట్టేశాను. "మా మామ నాకేం చెప్పలేదు సార్. ఆయన మాట తప్పలేదు. నేనే దొంగతనంగ అటకెక్కి చూసిన" అన్నాను. హెడ్ క్లర్కు సారు నన్ను కిందనుంచి మీదికి చూసి, "పై ర్యాకుల ఫైలు తియ్యిమంటే కండ్లు తిరుగుతయంటవు. నువ్వు అటకెక్కినవా?" అన్నాడు. పదిమందీ పగలబడి నవ్వారు. నేను కత్తిని చూశానన్నది కూడా కోతేనని తేల్చేశారు. జీవితంలో నేను పూర్తి నిజం చెప్పిన ఒక్క రోజు ఒక్కడూ నమ్మలేదు. దానితో రహస్యం మళ్లీ రహస్యమైంది. సారు ఆ సాయంత్రం మామ దుకాణానికి వెళ్లి, గుమ్మం బయట చెప్పులు విడిచి, "తప్పైందయ్యా" అని చెప్పి వచ్చాడు. నా పరువు మాత్రం రిటైరయ్యే దాకా కోలుకోలేదు.

మామ తిరిగొచ్చిన నాలుగు నెలలకు సినిమా మా ఊళ్లో పడింది. ఆ రోజు హెడ్ క్లర్కు సారు అందరి సెలవు చీటీల మీదా సంతకం పెట్టి, చివర తనదీ రాసుకున్నాడు. మ్యాట్నీకి వెళ్లాం. ఒక పక్క నేను, ఒక పక్క అత్త, మధ్యలో ఇస్త్రీ చొక్కాలో మామ. వంతెన వచ్చింది. పొగ వచ్చింది. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. కత్తి కత్తికి తగిలినప్పుడల్లా ఆయన పట్టు బిగుస్తోంది. తన చీల సరిగ్గా ఊడుతుందో లేదోనని భయమేమో అనుకున్నాను. ఠక్కున చప్పుడు. పొగ విడిపోయింది. విరిగింది ఎర్రది! చిన్నవాడు మొండి పిడితో నిలబడ్డాడు. పెద్దవాడు ఒక్క క్షణం చూసి, ఆకుపచ్చ కత్తిని తనే లోయలోకి విసిరేశాడు. అరుపులకు హాలు కప్పు ఎగిరింది. మా వరసలో ముందు నిలబడింది హెడ్ క్లర్కు సారు. నిలబడి, అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. పక్కన మామ గట్టిగా ఊపిరి వదిలి, "ఎర్రదా!" అన్నాడు.

బయటికొచ్చాక నిలదీశాను. "ఎర్రదా అంటవేంది మామా? నీకు తెల్వదా?"

"నాకెక్కడ తెలుసురా? డైరెక్టరుకే తెల్వది. పచ్చయి నాలుగు, ఎర్రయి నాలుగు, అన్ని ఇరిగేటియే చెయ్యమన్నడు. చేసిచ్చిన, నమూనాకు చేసిన రెండు పట్టుకొని వచ్చిన. నువ్వు చూసినదాని కిందనే ఎర్రది గూడ ఉండె. పైదొక్కటి చూసి దిగినవ్."

"మరి తెల్వదని ఆ రోజే చెప్తే అయిపోతుండె గదా!"

"తెల్వదని చెప్పినా చెప్పినట్టే గదరా. ఒక్క ముక్క మాట్లాడనని ఒట్టు." కాస్త దూరం నడిచాక, అత్తకు వినబడకుండా అన్నాడు: "ఇంగో ముచ్చట. తెల్వదంటే అందరు ఇండ్లకు పోతుండె. పొద్దుమూకి గంత మంది దుకాణం ముందర నిలబడుడు... మంచిగనే ఉండె అల్లుడా."

అప్పుడర్థమైంది, నా గుణం ఎవరి నుంచి వచ్చిందో. ఆయన మాట్లాడకుండా కోసేవాడు, నేను మాట్లాడి కోశాను, అంతే తేడా. మద్రాసు నుంచి మళ్లీ పిలుపు రాలేదు. మామ దానికి ఎన్నడూ ఫికర్ పడలేదు. పోయేముందు ఎర్రకత్తిని హెడ్ క్లర్కు సారుకు, ఆకుపచ్చదాన్ని నాకు ఇచ్చిపోయాడు.

ఆదివారం భోజనాలయ్యాక ఆ కత్తిని బీరువా మీద నుంచి దించాను. ఈసారి నేనే ఎక్కి దించాను. సరే, మనవరాలు ఎక్కింది, నేను స్టూలు పట్టుకున్నాను. వెండి కాగితం నల్లబడింది. ఆకుపచ్చ రాళ్లలో రెండు రాలిపోయాయి. చీల మాత్రం అలాగే ఉంది. ఒక పిల్లవాడు దాన్ని నా చేతికర్రకేసి కొడితే ఠక్కున రెండై, నలుగురూ కెవ్వుమన్నారు. మళ్లీ అతికించి మళ్లీ విరిచారు. "మరి సినిమాల ఏది ఇరిగింది తాతా?" అని అడిగారు. నేను చిరునవ్వు నవ్వుతూ కత్తిని గుడ్డలో చుట్టాను. ఒకప్పుడు మామ మాట పోగొట్టబోయాను, ఆ బాకీ ఇలా తీర్చుకోవాలి మరి. వాళ్లు సినిమా ఎప్పుడొస్తుందా అని రోజులు తోసేస్తున్నారు. తొందరెందుకని చెప్పాలనిపించింది, చెప్పలేదు. ఏ కత్తి విరిగిందో తెలిసిపోయాక ఆ సినిమాను నేను మళ్లీ చూడలేదు. తెలియని ఆ నాలుగు నెలలనే ఇన్నేళ్లుగా చూసుకుంటున్నాను.