స్వర్ణలత బతికించిన గొంతు

కొలకలూరు స్వర్ణలత అంటే తెనాలిలో తెలియనివాళ్ళు ఉండవచ్చు గాని, కంప్యూటరు చెడిపోయినవాళ్ళలో మాత్రం ఉండరు. నీళ్ళలో నానిపోయిన ఎక్స్‌రే సెంటరు డిస్కును లేపి నిలబెట్టింది ఆవిడే. బాపట్లలో ఇంజినీరింగు పిల్లల ప్రాజెక్టులు పరీక్ష ముందు పోతే వెనక్కి తెచ్చిందీ ఆవిడే. ఇక పెళ్ళి వీడియోలంటారా, ఈ చుట్టుపక్కల ఎన్ని జంటలకు ఆవిడ రెండోసారి పెళ్ళి చేసిందో! ఇన్ని చేసి "అదేముంది లెండి" అని తల వంచుకునే రకమూ కాదు. "నేను కాబట్టి అయింది" అని మొహం మీదే చెబుతుంది. చెప్పుకోదగ్గది చెప్పుకుంటే తప్పేముంది?

అలాంటి స్వర్ణలతకు మొన్న కోతపండుగ ముందు గట్టి పరీక్షే వచ్చింది.

రేపల్లె టీచరమ్మ కరుణశ్రీ ఒక ఎస్‌ఎస్‌డీ డిస్కు పట్టుకుని బాపట్లలో రిపేరు షాపు జిలానీ దగ్గరికి వెళ్ళింది. అతను చేతులెత్తేసి, తానే ఆమెను వెంటబెట్టుకుని తెనాలి వచ్చాడు.

"అక్కా, నావల్ల కాలేదు. నువ్వూ కాదంటే ఇంక దీన్ని మర్చిపోవడమే."

"నీవల్ల కానివన్నీ నా దగ్గరికే వస్తయ్‌లేవయ్యా. కూర్చో."

ఆ డిస్కులో కరుణశ్రీ ఏళ్ళ కిందట రికార్డు చేసిన, మాణిక్యాంబ అనే పెద్దావిడ పాడిన నాట్ల పాటలున్నాయి. రేపల్లె చుట్టూ ఉన్న పొలాల్లో ఆవిడ పాట ఎత్తుకుంటే తప్ప నాట్లు సాగేవి కావు. గొంతుకు ఆపరేషనయ్యాక ఇప్పుడు గుసగుస తప్ప మాట రాదు. ఆదివారం కోతపండుగకు చర్చిలో ఆవిడకు శాలువా కప్పి, ఆ పాటలు అందరికీ వినిపించాలని ఏర్పాటు. వేరే కాపీ లేదు. ఇది పోతే ఆ గొంతు పోయినట్టే.

"ఎక్కడ దాచారమ్మా దీన్ని?" అని అడిగింది స్వర్ణలత.

"బీరువాలోనండి. నగలతోపాటు లాకర్లో. ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు."

"బీరువా ఎక్కడుంది?"

"మేడమీద, రేకుల గదిలోనండి."

స్వర్ణలత నుదురు కొట్టుకుంది. "మనవాళ్ళింతే! విలువైందంటే చాలు, బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు. ఇది బంగారం కాదమ్మా. అప్పుడప్పుడు కరెంటు తగలాలి. దీన్ని ఏళ్ళ తరబడి ఆ వేడిలో పడేస్తే, లోపల పట్టుకున్నదంతా మెల్లగా జారిపోద్ది."

"జాగ్రత్త చేశాననే అనుకున్నానండి," అంది కరుణశ్రీ, కళ్ళు తుడుచుకుంటూ.

"డిస్కు ఆరోగ్యం తొంభై శాతం బాగుందనే చూపిస్తోందక్కా," అన్నాడు జిలానీ. "కాపీ మొదలెట్టిన కాసేపటికే తెరమీద డిస్కు మాయమైపోతోంది. ఫార్మాట్ చేసి అంతా చెరిపెయ్యమంటోంది. నేను చెయ్యలేదులే."

"చేసుంటే నిన్ను మళ్ళీ బాపట్ల రైలెక్కనిచ్చేదాన్ని కాదు."

ఆ శాతం డిస్కు ఎంత అరిగిందో చెబుతుంది గాని, ఏ మూల చదవలేకపోతోందో చెప్పదు. స్వర్ణలత తెరమీద ఆ శాతం కిందున్న అంకెలు చూసింది. కేబుల్ మార్చింది. డిస్కు మళ్ళీ మాయమైంది. కేబుల్ పొరపాట్ల లెక్క కదల్లేదు, అంటే తప్పు దానిది కాదు. చదవలేని చోట్ల లెక్క మాత్రం పెరిగింది, దాంతోపాటే వేడీ పెరిగింది. అంటే, పాడైన చోట పదే పదే ప్రయత్నించి, కాగిపోయి, సొమ్మసిల్లుతోందన్నమాట. రోగం దొరికింది!

మందే మిగిలింది. అదే అసలు కష్టం. చదివించిన కొద్దీ పాడయ్యే వస్తువు అది.

వంటింట్లోంచి మందపాటి అల్యూమినియం మూత తెచ్చి, బోర్లించి, డిస్కును దానికి ఆనించి పెట్టింది. ఎదురుగా టేబుల్ ఫ్యాను.

"ఏంటక్కా, ఇడ్లీలేస్తున్నావా?"

"వేస్తే నీకు రెండు పెడతాలే. ఫ్యాను ఇటు తిప్పు."

డిస్కుమీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, నిదానంగా చదివించడం మొదలుపెట్టింది. సుళువుగా వచ్చేవి ముందు లాగింది. మొండికేసిన చోట్లు దాటించింది. వేడెక్కితే ఆపింది, చల్లారాక మళ్ళీ చదివించింది. మధ్యాహ్నం భోజనాలు ఎవరికీ గుర్తు రాలేదు. దాటేసిన చోట్లు ఒక్కొక్కటే లొంగాయి. పొద్దు వాలేసరికి చివరిది కూడా వచ్చేసింది.

పాట పెట్టింది. "వరస తప్పకే వదినా, వంగి నాటవే" అంటూ మాణిక్యాంబ గొంతు ఖంగుమని లేచింది. కరుణశ్రీ ఏడుస్తూనే ఆవిడకు ఫోను చేసి వినిపించింది. అవతల ఆవిడ పాటంతా విన్నది. తర్వాత గుసగుస వచ్చింది.

"ఏమేవ్, మధ్యలో దగ్గినట్టున్నానే. ఆ దగ్గు తీసేయించు, చర్చిలో నవ్వుతారు."

స్వర్ణలత ఫోను లాక్కుంది. "అమ్మమ్మా, పొద్దుట్నించీ చచ్చీచెడీ తెచ్చాను. దగ్గు కాదుగదా, మీ తుమ్ము కూడా తియ్యను!"

అవతల గొంతులేని నవ్వు గాలిలా వినిపించింది.

ఆదివారం రేపల్లె చర్చిలో శాలువా కప్పుకున్న మాణిక్యాంబ తన పాటకు తానే తాళం వేసింది. దగ్గు దగ్గరికి వచ్చేసరికి జనమంతా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న స్వర్ణలత పక్కావిడ వైపు వంగి, "అది కూడా నేను తెచ్చిందేనండి," అంది.