బావ చూడని ఊళ్లు

మా బావ ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎక్కించుకుని మద్రాసు, కొచ్చిన్, మైసూరు, పూణే, ఎక్కడికి లోడు ఉంటే అక్కడికి వెళ్లేవాడు. అక్కావాళ్ల ఇల్లు సూర్యాపేటలో. నేను కోదాడలో హైస్కూల్ పిల్లలకు సోషల్ చెప్తాను. ఇంట్లో ఏ ఊరి సంగతి వచ్చినా పుస్తకంలో చదివింది నేను, కళ్లతో చూసింది బావ అని అందరం అనుకునేవాళ్లం.

అది నిజం కాదన్న మాట మొదట అక్క మనవరాలి పుట్టినరోజు నాడు బయటపడింది. భోజనాల దగ్గర మా ఆయన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు, మన దేశంలో అందమైన నగరాలంటూ. దాంతో వాదన మొదలైంది. మా ఆయన కాలేజీ రోజుల్లో జైపూర్ వెళ్లాడు కాబట్టి జైపూరే అన్నాడు. అక్క కొడుకు చండీగఢ్ అన్నాడు. నేను ఉదయపూర్ అన్నాను, ఎన్నడూ చూడకుండానే. చివరికి అందరం బావ వైపు తిరిగాం. ఆయన పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

"నన్నడిగితె ఏం సెప్పాలె? నేను ఏ ఊరు సూడలే," అన్నాడు.

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

"దేశమంత తిరిగొచ్చి సూడలే అంటవా? నన్ను ఒక్కనాడన్న యాదగిరిగుట్ట దాటిచ్చినవా?" అంది.

బావ తల వంచుకుని తినడం పూర్తిచేశాడు. అక్క నోట ఈ మాట నా పెళ్లికి ముందు నుంచీ నేను వింటున్నదే. పిల్లలకు జ్వరాలొస్తే ఒక్కతే దవాఖానకు తీసుకుపోయింది. ఇంటికి స్లాబు వేసిన రోజూ ఒక్కతే నిలబడింది. బావ నాలుగో రోజో అయిదో రోజో వచ్చేవాడు, చేతిలో మైసూరు అగరబత్తుల ప్యాకెట్టో, కొచ్చిన్ అరటి చిప్సో పట్టుకుని. అక్క దృష్టిలో ఆయన అన్నాళ్లూ ఏదో మంచి ఊళ్లో హోటల్లో తింటూ, కోటలూ సముద్రాలూ చూస్తూ గడిపి వచ్చినట్టే.

షుగర్ వల్ల చూపు తగ్గి బావ లారీ మానేసి అప్పటికి రెండేళ్లు. ఆ వేసవి సెలవుల్లో అక్కకు, బావకు, నాకు మైసూరు టికెట్లు తీశాను. ఉదయపూర్ చాలా దూరం, పైగా మేలో ఎండలు. మైసూరైతే కాచిగూడలో సాయంత్రం రైలెక్కితే పొద్దున్నే దిగవచ్చు. బావ వద్దనలేదు, సరే అనీ అనలేదు. అక్క మాత్రం కొత్త చెప్పులు కొనుక్కుంది.

ఆదివారం పొద్దున దిగాం. రోడ్లకు రెండు వైపులా తురాయి చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. అక్క ఆటోలోంచి తల బయటికి పెట్టి చూస్తూ, ఇంత పొద్దున్నే ఈ రోడ్లన్నీ ఎవరు ఊడ్చారో అని రెండు సార్లు అడిగింది. సూర్యాపేటతో పోలిస్తే ఎండే లేదంది.

ప్యాలెస్‌లో చెప్పులు విప్పి జనం మధ్య నడిచాం. రంగు అద్దాల కింద బావ చాలాసేపు ఆగిపోయాడు. వెనక నుంచి జనం తోస్తుంటే పక్కకు జరిగి మళ్లీ పైకే చూశాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, దీన్ని చూడటం ఇదే మొదలు అన్నాడు. మైసూరుకు ఎన్నిసార్లు వచ్చాడో ఆయనకే గుర్తులేదు. కానీ పగలు లారీలను ఊళ్లోకి రానివ్వరు. బైపాస్ మీదుగా మార్కెట్ యార్డుకు పోవడం, అన్‌లోడ్ అయ్యేదాకా పడి ఉండటం, అదే దారిన తిరిగి రావడం. ఏ ఊరైనా ఇంతే.

"మరి గన్ని దినాలు ఏడుండేటోనివి?" అని అక్క అడిగింది.

"పా, సూపెడత."

ఆయన ఆటో ఆపి కన్నడంలో మాట్లాడాడు. అక్క నా మోచెయ్యి గిల్లింది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఆ భాష ఆమె వినడం అదే మొదటిసారి.

ఆదివారం కావడంతో యార్డులో షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. దుమ్ము, చిరిగిన గోనె సంచులు, నీడలో మూడు నాలుగు లారీలు. బావ ఒక్కొక్కటే చూపించాడు. పడుకునే సిమెంటు అరుగు ఇది, స్నానం చేసే నల్లా అది, పొయ్యి పెట్టుకునే మూల అది. తర్వాత మూసి ఉన్న ఒక దుకాణం ముందు ఆగాడు.

"బిడ్డ పుట్టినప్పుడు గీడనే ఉన్న. మూడొద్దులైనా లోడు దించలే. మిల్లోళ్లు గీ దుకాణపాయనకు ఫోన్ జేసి సెప్పిన్రు. ఈయనే ఇంత బెల్లమిస్తె హమాలోళ్లకు పంచిన."

అక్క అరుగు మీద చెయ్యి ఆనించి, కాలడంతో చప్పున తీసేసుకుంది. తర్వాత కొంగు మడతపెట్టి వేసుకుని దాని మీదే కూర్చుంది.

"నువ్వేడనో మంచిగ ఉన్నవనుకున్న ఇన్నేండ్లు. ఎందుకు సెప్పలే?"

బావ నల్లా తిప్పి చూశాడు, నీళ్లు రాలేదు.

"మా ఆయన మైసూరు పోయిండని వాడకట్టంత సెప్పుకునేదానివి. గది ఇంటుంటె నాకు మంచిగనే ఉండె," అన్నాడు.

అక్క ఏడవలేదు. ఇది చదువుతూ ఏడ్చి ఉంటుందని ఎవరైనా అనుకుంటారేమోనని చెప్తున్నాను. లేచి, నీడలో ఉన్న లారీల వైపు నడిచింది. అందులో ఒకటి మన నల్లగొండ నంబరుది. దాని డ్రైవర్‌ది దామరచర్ల దగ్గర ఊరు, అతనికి నలభై ఏళ్లు దాటి ఉంటాయి. శనివారం మధ్యాహ్నం చేరాడట, సోమవారం దాకా ఆగాల్సిందే. మన మాట వినపడగానే అతని మొహం విప్పారింది. అన్నం వండి దించాడు, కూరకు టమాటాలు కోస్తున్నాడు. అక్క అతని చేతిలోంచి చాకు తీసుకుని కూర్చుంది.

"నువ్వు జరుగు బిడ్డా, నేను జేస్త."

అతను వద్దు పెద్దమ్మా అంటూనే జరిగాడు. ఆమె పచ్చిమిర్చి ఎక్కువ వేసి పులుసు చేసింది. లారీ నీడలో నలుగురం పేపర్ ప్లేట్లలో తిన్నాం. బావా, అతనూ రోడ్ల గురించి మాట్లాడుకున్నారు, ఏ ఘాట్ పాడైంది, ఎక్కడ కొత్త బైపాస్ వచ్చింది అని. అక్క మధ్యలో ప్రశ్నలడిగింది. ఇంటి దగ్గర ఆయనను ఆమె ఈ సంగతులు అడగడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చేటప్పుడు మా దగ్గరున్న సకినాల డబ్బా అతని సీటు మీద పెట్టి వచ్చింది.

సాయంత్రం మళ్లీ ప్యాలెస్ దగ్గరికి వెళ్లాం. చీకటి పడగానే బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి, జనమంతా ఆహా అన్నారు. అక్క బావ చెయ్యి పట్టుకుంది. నా ముందు ఆమె ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. నేను కాస్త పక్కకు జరిగి నిలబడ్డాను.

ఇప్పుడు చెప్పు బావా, ఏ ఊరు అందమైనదని అడిగాను.

"గీ ఒక్కటే గద సూసింది," అన్నాడు, లైట్ల మీంచి చూపు తిప్పకుండా. "ఇంకోటి సూస్తె గద సెప్పేది."

ఆ చలికాలం వాళ్లిద్దరే కొచ్చిన్ వెళ్లారు. నాకు ముందుగా చెప్పనేలేదు. ఒక రోజు ఇంటర్వెల్‌లో అక్క ఫోన్ చేసి, ఒడ్డున చేపల వాసన భరించలేకపోతున్నాను గానీ సముద్రం మాత్రం ఎంత చూసినా తనివి తీరడం లేదంది. బావ దారులన్నీ అడుక్కుంటూ ముందు నడుస్తున్నాడట, పడవ ఎక్కాలంటే మాత్రం భయపడుతున్నాడట. రేపు ఎక్కిస్తానంది. ఇంతలో బెల్లు కొట్టారు, నేను క్లాసుకు వెళ్లాను.