పెద్దావిడ నోరు విప్పిన రోజు

ఇంట్లో ఆ అమ్మాయిని వసపిట్ట అనేవారు. నిద్రలో కూడా నోరు మూతపడదని వాళ్ళమ్మ విసుక్కునేది. అలాంటి పిల్ల పని వెతుక్కుంటూ, తన మాట ఒక్క ముక్క కూడా ఎవరికీ తెలియని దేశానికి వచ్చిపడింది. ఒక ఇంటి మేడమీద గదిలో, పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దావిడకు ఒళ్ళు తుడవడం, తినిపించడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఆమె పని. అమ్మకు నోరు పడిపోయిందని కూతురు సైగలతో చెప్పింది. ఆ కూతురు పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం.

పలకరించే దిక్కు లేక కొద్దిరోజుల్లోనే పిల్లకు పిచ్చెక్కినంత పనైంది. ఇక లాభం లేదని పెద్దావిడతోనే మొదలుపెట్టింది. ఎలాగూ అర్థం కాదన్న ధీమాతో ఏది తోస్తే అది వాగేది. మహారాణీ, కాస్త చెయ్యెత్తు తల్లీ, నా నడుం విరిగిపోతోంది అని వీపు తుడుస్తూ సణిగేది. సన్నగా పొడుగ్గా ఉండే కూతురికి గడకర్ర అని పేరు పెట్టింది. మేనత్త కొడుకు మీద ఆశ పెట్టుకుంటే వాడు మరో పిల్లను చేసుకున్నాడనీ, ఊళ్ళో మొహం చూపించలేకే ఇంత దూరం వచ్చాననీ కూడా చెప్పేసింది. కన్నతల్లి దగ్గర దాచిన మాట అది.

ఒక మధ్యాహ్నం పెద్దావిడను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి తల దువ్వుతోంది. బావ సంగతి మళ్ళీ గుర్తొచ్చి చెయ్యి విసురుగా పడింది.

“మెల్లిగా దువ్వవే. చిక్కు లాగుతున్నావ్.”

పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. తలుపు వేసే ఉంది. గదిలో మూడో మనిషి లేరు. పెద్దావిడ వంకరపోయిన పెదవులు ఇంకా కదులుతున్నాయి. మాట ముద్దముద్దగా ఉంది గానీ, అచ్చం అమ్మమ్మ మాట్లాడినట్టున్న తెలుగు. దువ్వెన చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియలేదు. మంచం పట్టె మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తను అన్నవన్నీ ఒక్కసారిగా చెవుల్లో హోరెత్తాయి.

“మీకు తెలుగు వచ్చా, మామ్మగారూ?”

పెద్దావిడ ఆగి ఆగి చెప్పుకొచ్చింది. తను కూడా ఈ పిల్ల వయసులోనే, ఈ దేశపువాణ్ణి కట్టుకుని వచ్చిందట. వాడుక లేక సొంత మాట మరుగున పడిపోయింది. జబ్బు చేసి కళ్ళు తెరిచేసరికి, ఇన్నేళ్ళూ మాట్లాడిన ఇక్కడి మాట తుడిచిపెట్టుకుపోయింది. కూతురు ఏమంటోందో సగం తెలిసేది కాదు. బదులు అసలే వచ్చేది కాదు.

“నువ్వు వాగుతుంటే ఒక్కో మాటా వెనక్కొచ్చింది. నీ తిట్లే ముందొచ్చాయి.”

పిల్ల సిగ్గుతో తల వాల్చేసింది. తప్పైపోయిందని ఆవిడ మోకాళ్ళు పట్టుకుంది. వాగడం మానేస్తే ఊరుకోనని పెద్దావిడ గదిమింది.

ఆ ఉదయం కూతురు ఫైలేదో మరిచిపోయి వెళ్ళింది. దానికోసం వచ్చి, మెట్ల మీదే తల్లి గొంతు విని, పరుగున వచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయింది. తల్లి ఎక్కడినుంచో వచ్చిందని తెలుసు గానీ, ఆ మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. కుర్చీ ముందు చతికిలబడి ఏదేదో అడిగింది. తల్లి తెల్లమొహం వేసింది. ఇద్దరూ పిల్ల వైపు చూశారు.

“దానికి చెప్పవే,” అంది పెద్దావిడ. “ఉయ్యాల్లో ఉన్నప్పుడు దాంతో ఈ మాటే మాట్లాడేదాన్ని. వాళ్ళ నాన్న వద్దన్నాడు. మానేశాను. మానకుండా ఉండాల్సింది.”

పిల్లకు అప్పటికి ఇక్కడి మాటలు కాసిని వచ్చు. వాటికి సైగలు కలిపి, ఉయ్యాల ఊపి చూపించి, నోటికి వేలు అడ్డం పెట్టి, చెమటలు కక్కుతూ ఎలాగో చెప్పింది.  కూతురు పిల్ల మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకుని, అమ్మ ఇంకా ఏమంది అని అడిగింది.

అప్పటికే పెద్దావిడ అలసిపోయి కళ్ళు మూసుకుంది. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి మంచం మీదికి చేర్చారు. లేచాక ఏం చెబుతుందో వినాలని చెరో పక్కన కూర్చున్నారు. కూతురు ఆఫీసుకు మళ్ళీ వెళ్ళలేదు. ఆ పూట వంట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.