గొంతు వినబడింది

నా మనవరాలు పెనుకొండలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. రోజూ పొద్దున హిందూపురంలో రైలెక్కి పెనుకొండలో దిగుతుంది. ఆ రోజు కెమిస్ట్రీ పరీక్ష. కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయి, ధర్మవరంలో కళ్లు తెరిచింది. చదువు పాడవుతుందని ఆమె ఫోన్‌ను వాళ్ల నాన్న, అంటే మా అబ్బాయి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. అందుకని పట్టుచీరల మూటతో పక్కన కూర్చున్న ఒకామె ఫోన్ అడిగి తీసుకుని నాకు చేసింది. "తాతా, ధర్మవరంలో ఉండా" అంది. పరీక్షకు అందుకోలేకపోయింది.

సోమవారం మళ్లీ పరీక్ష పెడతామని కాలేజీవాళ్లు చెప్పారు. దానికీ రాకపోతే ఇక కుదరదన్నారు.

దీన్నుంచి మా అబ్బాయి తేల్చిందేమిటంటే, నాలుగున్నరకు లేపడం చాలలేదు, ఇకనుంచి నాలుగుకే లేపాలని. మా ఇంట్లో లేపడమంటే పైకి చదివించడం. పక్క గదిలోకి గొంతు వినబడాలి. ఆగితే తండ్రి కేకేస్తాడు. ఆ పద్ధతి వాడు కనిపెట్టింది కాదు, నాది.

నలభై ఏళ్లకు పైగా డైరీ రాస్తున్నాను. రిటైరయ్యాక కూడా మానలేదు. వాడు పదో తరగతి చదివిన ఏడాది డైరీ తీసి ఒక్కో పేజీ చూశాను. "4.30కి లేపాను. గొంతు వినబడింది." మర్నాడూ అదే. జ్వరం తగ్గిన మర్నాడు కూడా అదే. ఆ ఏడాది ఎన్ని వానలు పడ్డాయో, బోరు రోజుకు ఎన్ని గంటలు ఆడిందో రాశాను. వాడు ఎన్ని గంటలకు పడుకున్నాడో మాత్రం ఒక్కచోట కూడా లేదు. అది రాయవలసిన సంగతని నాకు తోచలేదు.

సాయంత్రం వాడు పని నుంచి రాగానే ఆ డైరీ ముందు పెట్టాను. నాలుగైదు పేజీలు తిప్పి నవ్వాడు.

"గోడకానుకోని నిద్రపోతానే సదువుతాంటి నాయనా. నీకు గొంతే కదా కావల్సింది."

"నేను తెలీక లేపినా. నువ్వు తెలిసి లేపుతాండావు కదప్పా."

వాడి నవ్వు ఆగిపోయింది. మార్కులు తగ్గితే ఎవరిది పూచీ అని అడిగాడు. నాదన్నాను. పొద్దున ఆరుకు ముందు ఎవరూ ఆమెను లేపకూడదు, పైకి చదవమనకూడదు, ఎప్పుడు పడుకోవాలో ఆమెనే అడగాలి అన్నాను. సోమవారం దాకా చూద్దామన్నాడు. నాకది చాలదు, అయినా మొదలుపెట్టడానికి ఒప్పుకున్నాను.

పదింటికి పడుకుంటానని మనవరాలు చెప్పింది. ఫోన్ కూడా ఇప్పించమంది.

"లేసేదానికి అలారం కావల్ల కదా తాతా."

ఇప్పించాను.

మర్నాడు నాలుగున్నరకు వాడు అలవాటు ప్రకారం లేచి వచ్చేసరికి, ఆమె గది తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఏం నాయనా, కావలా?"

"కావలే."

వాడు వెనక్కి వెళ్లి పడుకున్నాడు. మిగతా రోజులూ నేను అక్కడే కూర్చున్నాను.

సోమవారం రైలు పెనుకొండ చేరే వేళకు నేనూ మా అబ్బాయీ నా ఫోన్ ముందు పెట్టుకుని ఉన్నాం. మోగింది.

"దిగినా తాతా."

సోమవారం దాకా అన్న గడువు తీరినా, మంగళవారం సంగతి వాడు ఎత్తలేదు. నేను ఆ తలుపు దగ్గర కుర్చీ తీయలేదు.